బట్టీలో మిగిలిన వేడి

"స్టాఫ్ రూమ్‌లో ఫ్యాను ఎవరు ఆపారు?"

హెడ్మాస్టర్ గారు ఐదో తరగతి గుమ్మంలో నిలబడి అడిగారు. నుదుటి మీద చెమటలు ధారకడుతున్నాయి. క్లాసంతా ఒక్కసారిగా బన్ను వైపు తిరిగింది.

బన్ను దర్జాగా లేచి నిలబడింది. గౌను మీద "ఎనర్జీ కెప్టెన్" అన్న బ్యాడ్జి తళతళలాడుతోంది.

"నేనే సార్. గదిలో ఎవరూ లేరనుకున్నాను."

"నేనున్నానుగా! కుర్చీలో వెనక్కి వాలి ఆలోచిస్తున్నాను."

"గర్‌మని చప్పుడొస్తుంటే ఫ్యాను పాడైందనుకున్నాను సార్. కానీ ఆపాక కూడా ఆ చప్పుడు ఆగలేదు."

క్లాసంతా గొల్లుమంది. సైన్స్ టీచర్ నవ్వు దాచుకోవడానికి నల్లబల్ల వైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లని మళ్ళీ తుడిచారు. హెడ్మాస్టర్ గారు మాత్రం గొంతు సవరించుకుని వెళ్ళిపోయారు.

బన్నుకి బడి రిజిస్టర్లో చక్కని పేరొకటి ఉంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలకదు. బేకరీవాళ్ళమ్మాయి, బుగ్గలేమో అప్పుడే పొంగిన బన్నుల్లా ఉంటాయి. ఇక ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా?

ఆ వారమంతా క్లాసులో ఇంధనం పాఠమే. బొగ్గు, నూనె, గ్యాస్ అదేపనిగా కాలుస్తుంటే భూమి వేడెక్కుతోందనీ, ఎండలూ వానలూ వేళాపాళా లేకుండా వస్తున్నాయనీ టీచర్ చెప్పారు. వాటి ధరలేమో పైకే గానీ కిందికి చూడడం లేదు. అందుకే రాబోయే పదీ ఇరవై ఏళ్ళకి ఇప్పుడే ఆలోచించి పెట్టుకోవాలట.

బన్ను వెంటనే పెద్ద చార్టు గీసింది. ఇంటింటికీ సోలార్ పలకలు, వీధివీధికీ గాలిమరలు. కుక్కల ఇంటి మీద కూడా ఒక చిన్న గాలిమర పెట్టింది.

టీచర్ చార్టుని మెచ్చుకున్నారు. "చాలా బావుంది కెప్టెన్. మరి ఇవన్నీ వచ్చేదాకా ఏం చేద్దాం?"

బన్ను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఫ్యాన్లు ఆపేద్దాం టీచర్!"

శనివారం కాబట్టి ఒంటిపూట బడే. గంట కొట్టగానే పిల్లలు రోడ్డెక్కారు. సగం దారిలో ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. వాన పడాల్సిన నెల కాదు, ఎవరి దగ్గరా గొడుగు లేదు. బన్ను, పొడుగు, కళ్ళజోడు అని అందరూ పిలిచే దాని స్నేహితులిద్దరూ, ముగ్గురూ పరుగు లంకించుకున్నారు. బేకరీ చేరేసరికి నిలువునా తడిసి ముద్దయిపోయారు.

బేకరీ అంటే ముందు కొట్టు, వెనక బట్టీ గది, పైన ఇల్లు. కొట్లో అమ్మ ఎవరికో కేకు తూస్తోంది. తెల్లవారకముందే లేచిన నాన్న పైన నిద్రపోతున్నాడు. నాయనమ్మ కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ముగ్గురూ బూట్లలో నీళ్ళు పచక్ పచక్‌మంటుంటే వెనక గదిలోకి వెళ్ళారు.

ఆ బట్టీ గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. అది ఇటుకలతో కట్టింది, దాని గోడలు మూరెడు మందం. కింద గ్యాస్ బర్నర్ ఉంటుంది. పోయిన నెలదాకా బ్రెడ్డుకి ఒకసారి, కేకులకి ఒకసారి, రస్కులకి ఇంకోసారి దాన్ని వెలిగించేవారు. గ్యాస్ ధర పెరిగి, ఊపిరి తీసుకునేలోపే మళ్ళీ పెరిగింది. ఎలాగైనా డబ్బు కూడబెట్టి మేడ మీద సోలార్ పలకలు, కింద కరెంటు బట్టీ పెట్టించాలని నాన్న ఆశ. కానీ అది అయ్యేదాకా గ్యాసుతోనే నెట్టుకురావాలి.

అప్పుడు నాయనమ్మ ఒక ప్లాన్ వేసింది. పొద్దున్నే ఒక్కసారి బర్నర్ వెలిగించి, ఇటుకలు బాగా కాగాక ఆపేయాలి. పెద్ద వేడిలో బ్రెడ్డు, అది కాస్త తగ్గాక బన్నులు, ఇంకాస్త తగ్గాక కేకులు, బిస్కెట్లు పెట్టాలి. చిట్టచివర ఆ సన్నటి వెచ్చదనంలో సాయంత్రందాకా రస్కులు ఆరాలి.

నాన్నకి నమ్మకం కుదరలేదు. "ఈ వారం చూద్దామమ్మా. కుదరకపోతే సోమవారం నుంచి రస్కులు ఆపేద్దాం. వాటి కోసం మళ్ళీ గ్యాస్ కాల్చలేం" అన్నాడు.

రస్కులంటే నాయనమ్మకి ప్రాణం. ఈ కొట్టు లేనప్పుడు, ఈ ఇల్లు కూడా లేనప్పుడు, ఆవిడ ఒక రేకు డబ్బాలో రస్కులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. కాన్పుల ఆసుపత్రిలో బాలింతలకి పొద్దున్నే పాలతో ఇచ్చేది ఇప్పటికీ ఆ రస్కులే.

ఇదంతా బన్ను చెవిన పడింది. కానీ పెద్దవాళ్ళ మాటలు ఒక చెవిలోకి వచ్చి ఇంకో చెవిలోంచి పోవడం మామూలేగా.

"చలేస్తోందే!" అన్నాడు పొడుగు, పళ్ళు టకటకలాడిస్తూ.

"మా అమ్మ ఈ సాక్సులు చూసిందంటే నా వీపు విమానం మోతే" అంది కళ్ళజోడు, అద్దాలు తుడుచుకుంటూ. తుడిచే గౌను కూడా తడిసే ఉండడంతో అద్దాలు ఇంకా మసకబారాయి.

బన్ను బట్టీ వైపు చూసింది. బర్నర్ ఆపేసి ఉంది. ఇనుప తలుపు మీదికి చెయ్యి చాపితే వెచ్చగా తగిలింది. బుర్రలో బల్బు వెలిగింది. పొడుగాటి కర్ర తెచ్చి తలుపు గొళ్ళెం తీసి, బార్లా తెరిచింది. లోపలి నుంచి వెచ్చటి గాలి మొహాలకి తగిలింది.

"అబ్బ!" అన్నారు మిగతా ఇద్దరూ ఒకేసారి.

"ఈ గీత దాటి ముందుకి రాకండి, కాలుతుంది" అంటూ బన్ను కెప్టెన్ హోదాలో చాక్‌పీసుతో నేల మీద గీత గీసింది. గీతకి ఇవతల స్టూలు వేసి, ఆరు సాక్సులూ వరసగా ఆరేసింది.

"గ్యాస్ ఖర్చవదా?" అని కళ్ళజోడు అనుమానంగా అడిగింది.

"పిచ్చిదానా, బర్నర్ ఎప్పుడో ఆపేశారు. ఇది ఉత్త మిగులు వేడి. ఊరికే గాల్లో కలిసిపోతుంది. దాన్ని మనం వాడుకుంటున్నాం. అసలైన పొదుపంటే ఇదే!"

లోపల చివరన ఏవో ట్రేలు కనిపించాయి. అవి అయిపోయాయనీ, చల్లారబెట్టారనీ బన్ను అనుకుంది. సాక్సులు ఆరాయి. తర్వాత బూట్లు ఆరాయి. ఆ తర్వాత పుస్తకాల సంచులు. ముగ్గురూ గీత ఇవతల కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకున్నారు. వాన తగ్గాక స్నేహితులిద్దరూ పొడి బూట్లతో ఇంటికి వెళ్ళారు. బన్ను బుద్ధిగా తలుపు మూసి, గీత కూడా చెరిపేసింది.

సాయంత్రం నాన్న దిగి వచ్చి బట్టీ తెరిచాడు. ఒక ట్రే బయటికి లాగి, రస్కు ఒకటి తీసి విరవబోయాడు. అది విరగలేదు. వంగింది.

నాన్న ఇంకో ట్రేలోంచి ఇంకొకటి తీశాడు. అదీ వంగింది.

"అదేంటి? మధ్యాహ్నం పెట్టినప్పుడు వేడి బాగానే ఉందే! ఇంత తొందరగా ఎలా చల్లారింది?"

నాయనమ్మ అప్పుడే వచ్చింది. డాక్టరు పెట్టిన నల్లకళ్ళద్దాలు ఇంకా తియ్యలేదు. బట్టీ లోపలికి చెయ్యి పెట్టి చూసి, మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నా లెక్కే తప్పిందిరా. ఇటుకలు అంతసేపు వేడి నిలుపుకోవు కాబోలు. ముసలిదాన్ని, ఉండబట్టలేక ఏదో చెప్పాను."

"నువ్వేం చేస్తావమ్మా. గోడలో ఎక్కడో నెర్రె పడి ఉంటుంది. పోనీలే, సోమవారం నుంచి రస్కులు మానేద్దాం."

"సరేలే" అంది నాయనమ్మ.

బన్ను ఉలిక్కిపడింది. నాయనమ్మ దేనికీ "సరేలే" అనే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే అరగంట వాదిస్తుంది. అలాంటిది, రస్కులు మానేద్దామంటే ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా స్టూలు మీద కూర్చుండిపోయింది.

అదే స్టూలు. సాక్సులు ఆరేసిన స్టూలు.

ఎవరూ తనని అడగలేదు. అడగరు కూడా. తప్పంతా గోడదే అనుకుంటున్నారు. పైకి వెళ్ళి హోంవర్కు చేసుకుంటే చాలు, ఇక ఎవరికీ ఏమీ తెలియదు. మెట్లదాకా వెళ్ళింది కూడా. కానీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"నాయనమ్మా, నీ లెక్క తప్పలేదు" అంది, వెనక్కి వచ్చి. "నేనే సాక్సులు ఆరబెట్టాను."

"ఎక్కడే?"

"బట్టీ ముందు. తలుపు తీసి."

నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. "ఎంతసేపు?"

"సాక్సులు ఆరేదాకా. తర్వాత... బూట్లు ఆరేదాకా. సంచులు కూడా. మిగిలిపోయిన వేడేగా, ఎవరికీ అక్కర్లేదనుకున్నాను."

కొట్లోంచి అమ్మ తల లోపలికి పెట్టింది.

"అదా సంగతి! ఒక పెద్దాయన బ్రెడ్డు వాసన చూసి, మొహం అదోలా పెట్టి వెళ్ళిపోయాడు. పిండి పాడైందేమోనని నేను హడలి చచ్చాను."

నాన్న కోపంగానే ఉందామనుకున్నాడు. పెదవి బిగపట్టాడు. కానీ పొట్ట ఊగడం మొదలైంది, ఇక ఆగలేదు. నాయనమ్మ నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. డాక్టరు కళ్ళలో వేసిన మందు వల్లో, నవ్వు వల్లో చెప్పడం కష్టం.

"ఇలా రా" అని మనవరాలిని దగ్గరికి లాక్కుంది. "అక్కర్లేని వేడి అని నీకెవరు చెప్పారే? పొద్దున నాలుగు పనులకి సరిపడా దాచిపెట్టాను. మూడు పనులయ్యాయి. నువ్వు ఆరబెట్టుకున్నది నాలుగోదాని వాటా."

"ఇంకొక్కసారి చూద్దాం నాన్నా" అంది బన్ను, ముక్కు ఎగబీల్చి. "వారం ఇంకా అవలేదు. రేపుంది."

నాన్న తన తల్లి వంక చూశాడు. "సరే, రేపొక్కరోజు. మరి ఆసుపత్రిలో ఏం చెబుదాం?"

"నేనే చెప్తాను."

మర్నాడు పొద్దున అమ్మ స్కూటర్ వెనక కూర్చుని బన్ను ఆసుపత్రికి వెళ్ళింది. వంటగదిలో వంటామె నడుం మీద చేతులు పెట్టుకుని సంగతంతా విన్నది.

"రస్కులు లేవా? ఇంకేముంది, బాలింతలు నన్ను నంచుకు తింటారు!"

"బన్నులు తెచ్చానండీ. మెత్తగా ఉన్నాయి. రేపటికి రస్కులు... బహుశా వస్తాయండీ."

"బహుశానా?"

"ఇవాళ ఎవరూ తలుపు తీయకపోతే వస్తాయండీ" అంది బన్ను. వంటామెకి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. బన్నులు మాత్రం తీసుకుంది.

ఆ మధ్యాహ్నం రస్కులు లోపల పెట్టగానే బన్ను మిగిలిన పిండి ముద్ద అడిగి తీసుకుంది. నాయనమ్మ పిండిని తాడులా పొడుగ్గా చేసి చూపించింది. బట్టీ తలుపు చుట్టూ సందు కనబడకుండా బన్నే మెత్తింది. తర్వాత చాప వేసుకుని ఎదురుగా కూర్చుంది.

మొదట నాన్న వచ్చాడు. "కొంచెం తీసి చూస్తానమ్మా, ఎలా ఉన్నాయో..."

"నాన్నా! చెయ్యి!"

నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని పిల్లిలా వెళ్ళిపోయాడు. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. చుట్టూ చూసింది, దగ్గింది.

"ఒక్క ట్రే చూస్తానే. చివరిది. పెద్ద వేడి పోదులే."

"నాయనమ్మా, నువ్వు కూడానా!"

నాయనమ్మ నాలిక కరుచుకుని మనవరాలి పక్కనే చాప మీద కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు కాపలా కాశారు. ఒకరికి చెయ్యి దురద పెట్టినప్పుడల్లా ఇంకొకరు పట్టుకున్నారు.

సాయంత్రం నాన్న ఎండిపోయిన పిండిని చాకుతో గీకి తలుపు తీశాడు. అమ్మ కొట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాన్న ఒక రస్కు తీసి నాయనమ్మ చేతికి ఇచ్చాడు. ఆవిడ ఊపిరి బిగపట్టి రెండు చేతులతో విరిచింది.

ఫెళ్ళున విరిగింది.

"అమ్మా! రేపు మామూలుగానే రస్కులు" అన్నాడు నాన్న.

ఇక ఆ గదిలో ఒకటే కరకర. నాన్న రెండు చేతుల్లో రెండు రస్కులు పట్టుకుని ఏది ముందు కొరకాలో తేల్చుకోలేక తిప్పలు పడుతున్నాడు. అమ్మ నోటినిండా రస్కు పెట్టుకుని ఏదో అంటోంది, ఎవరికీ అర్థం కావడం లేదు. నాయనమ్మ ఒక్కో ట్రే లోంచి ఒక్కోటి విరిచి చూస్తోంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అయినా విరుస్తూనే ఉంది.

బన్ను కూడా ఒకటి కొరికింది. నములుతూ బట్టీ వైపు చూసి ఆగిపోయింది. ఖాళీ బట్టీ తలుపు బార్లా తీసే ఉంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. ఇంకా కాస్త వెచ్చదనం ఉంది.

చేతిలో రస్కు బల్ల మీద పెట్టి, గుడ్డ చుట్టుకున్న రెండు చేతులతో ఆ బరువు తలుపుని నెట్టింది.

"ఇప్పుడెందుకు తల్లీ? అన్నీ తీసేశాంగా" అన్నాడు నాన్న.

"రేపటి బ్రెడ్డు కోసం నాన్నా" అంది బన్ను, గొళ్ళెం పెడుతూ. "ఇటుకలు ఇలాగే వెచ్చగా ఉంటే పొద్దున బర్నర్ ఇంకాస్త ముందే ఆపేయొచ్చు."