సేనాపతి నోట పడ్డ మాట

సృజన సాగర్‌తో మొదటిసారి మాట్లాడింది తిట్టడానికే.

చొప్పదండిలో ఎవరిదో పెళ్లి బరాత్. ఆమె హాస్టల్ వార్డెన్ పరీక్షకు చదువుకుంటోంది. సాగర్ డీజే బండి వాళ్ల వాడకు వచ్చేసరికి కిటికీ అద్దాలు, వంటింట్లో గిన్నెలు, ఆమె బుర్ర అన్నీ కలిసి అదరసాగాయి. తిన్నగా బండి దగ్గరికి వెళ్లింది.

"సౌండు జర తక్కువ చేస్తవా, తీగె గుంజాల్నా?"

సాగర్ తక్కువ చేశాడు. ఆనాటి నుంచి ఆ వాడలోకి వస్తే చాలు, అతని చెయ్యి దానంతటదే సౌండు తగ్గించేది. డాన్సు చేసేవాళ్లు ఎంత మొత్తుకున్నా పెంచేవాడు కాదు. దీన్ని ఏమంటారో వాడలో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

తర్వాత మాటలు కలిశాయి. బస్టాండు దగ్గర చాయ్, ఫోన్లో మెసేజ్‌లు. సృజన ఎన్నోసార్లు మాటను అసలు సంగతి దాకా తెచ్చింది. ప్రతిసారీ అతను ఆంప్లిఫయర్ల గురించి చెప్పాడు. ఊరంతటినీ ఎగిరించే మొనగాడికి ఒక్క పిల్ల ముందు నోరు పెగలదు.

ఇంతలో ఆమెకు ఉట్నూర్‌లో వార్డెన్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. వెళ్లేలోగా అతను నోరు విప్పితే బాపుతో తానే మాట్లాడాలనుకుంది. విప్పకపోతే ఇక అతన్ని తలుచుకోవద్దనుకుంది. అనుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది, అది వేరే సంగతి.

ఆ ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, నేత కార్మికుల సంఘం హాల్లో పెద్దవాళ్ల కోసం ఒక పాత రాజుల సినిమా వేశారు. కోరిక సృజన నాయనమ్మ కమలవ్వది. పెళ్లయిన కొత్తలో కరీంనగర్ వెళ్లి చూసిన సినిమా. మగ్గానికి నూలు కండెలు చుడుతూ అందులోని మాటలన్నీ ఆమె అప్పజెబుతుంటే వింటూ సృజన పెరిగింది. తెర, ప్రొజెక్టర్, మైకులు సాగర్‌వి.

తెర మీద రాకుమారుడు ఏనుగు దిగి, ఛాతీ విరిచి, నోరు తెరిచాడు. మాట రాలేదు. సాగర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో బొమ్మ ఉంది, శబ్దం లేదు. ఇంటి దగ్గర చూసుకోలేదా అని సృజన తండ్రి పరశురాములు అడిగితే, చూసుకున్నాననీ, వినలేదనీ చెప్పాడు.

హాల్లో గొణుగుడు మొదలైంది. కమలవ్వ మాత్రం కుర్చీలోంచి కదలకుండా సాగర్‌ను పిలిచింది.

"మైకులున్నయి గద. రాకుమారి మాటలు నా మనుమరాలు చెప్తది. మొగోళ్లయన్ని నువ్వు చెప్పు. తప్పుపోతె నేనున్న."

అలా ఇద్దరూ తెరకు చెరోవైపు మైకు పట్టుకుని నిలబడ్డారు. సృజన నోట అంతఃపురం తెలుగు ధారగా వచ్చింది. సాగర్‌కు ఆ భాష చుట్టం కూడా కాదు. కప్పం కట్టని సామంతుణ్ణి అతని రాకుమారుడు, "ఏమయ్యా, ఏందీ పరేషాన్?" అని అడిగాడు. ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సినిమా అసలుకంటే బాగుందని వెనక ఎవరో అన్నారు.

అప్పుడు వచ్చింది తోట ఘట్టం. రాకుమారుడు యుద్ధానికి వెళ్తూ సెలవు తీసుకోవడానికి వచ్చాడు. మల్లెపందిరి కింద రాకుమారి తల పైకెత్తింది. సృజన సినిమాలోని మాటలు వదిలేసింది.

"రాజా, రేపు పొద్దుగాల నేను ఉట్నూర్ పోతున్న. మీరేమన్న చెప్పేదుంటె గిప్పుడే చెప్పుండ్రి."

ఈ రాజ్యంలో ఉట్నూర్ ఎక్కడిదని ఒక పెద్దాయన పక్కవాణ్ణి అడిగాడు. పరశురాములు కూతురి వైపు చూశాడు, తర్వాత సాగర్ వైపు చూశాడు.

తెర మీద రాకుమారుడు చేతులు తిప్పుతూ ఏవేవో చెబుతున్నాడు. సాగర్ మైకు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. రేపటి నుంచి ఈ పిల్ల ఈ ఊళ్లో ఉండదన్న మాట అతనికి అప్పుడే నిజంగా తలకెక్కింది. రాకుమారుడు చెప్పడం ముగించాడు, గుర్రం ఎక్కాడు, వెళ్లిపోయాడు. సృజన మైకు కిందికి దించింది.

"అడుగంది అవ్వైన పెట్టది కొడుకా," అంది కమలవ్వ.

తెర మీద యుద్ధం మొదలైంది. దుమ్ము, ఏనుగులు. గుమ్మడికాయంత తలా దానికి తగ్గ మీసాలూ ఉన్న శత్రు సేనాపతి కత్తి దూసి, నోరంతా తెరిచాడు. సరిగ్గా అప్పుడే సాగర్‌కు గొంతు వచ్చింది.

"సృజనా, నువ్వంటె నాకు పానం. నువ్వు యాడున్నా సరే, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత హాలు హాలంతా విరగబడి నవ్వింది. సేనాపతి ఇవేమీ పట్టించుకోకుండా ఇద్దరిని నరికాడు.

సృజన నవ్వలేదు. కళ్లు తుడుచుకుని మైకు ఎత్తింది.

"చేసుకుంట. గీ మాట కోసం ఎన్ని చాయ్‌లు తాగిన్నో నాకే తెల్వది."

పరశురాములు లేచాడు. నవ్వులు ఆగాయి. ఆయన నెమ్మదిగా నడిచివచ్చి కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. సాగర్ మైకు పట్టుకునే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గా సేనాపతిని ఇయ్యాల పొద్దుగూకినంక వాళ్ల అవ్వ బాపును తోల్కొని మా ఇంటికి రమ్మను," అన్నాడు ఆయన. "కత్తి మాత్రం బయటనే పెట్టి రావాలె."

సాగర్ మైకు ఆపడం మరిచిపోయాడు. అతను వదిలిన 'హమ్మయ్య' బయట రోడ్డు దాకా వినిపించింది.