డాక్టరమ్మ చెప్పిన లెన్స్

వాన వెలిసీ వెలియని సోమవారం ఉదయం అతను కెమెరా షాపు మెట్లెక్కాడు. పన్నెండేళ్ళుగా బాడ్మింటన్ పోటీలు, స్కూళ్ళ పరుగుపందాలు ఫొటోలు తీస్తూ బతుకుతున్న మనిషి. ముందురోజు ఆట మధ్యలో అతని పాత జూమ్ లెన్స్ ఫోకస్ అవడం మానేసింది. రాత్రంతా సరిగ్గా నిద్రలేదు. గడ్డం గీసుకునే ఓపికా లేకపోయింది.

షాపు వెనక అద్దాల గదిలో, తలకి చిన్న దీపం కట్టుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. షాపు యజమానికి చెల్లెలు. లెన్సులు విప్పి బాగుచేసేది ఆమే కాబట్టి అందరూ డాక్టరమ్మ అంటారు. వచ్చినవాళ్ళలో సగంమంది మాత్రం, "లోపల మెకానిక్ ఎవరూ లేరా?" అని ఆమెనే అడుగుతారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు, "నేనే" అని చెయ్యి చాపుతుంది.

అతను అలా అడగలేదు. లెన్స్ ఆమె ముందు పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె విప్పి చూసింది. మోటారు పోయిందని, ఈ మోడల్‌కి ఇప్పుడు విడిభాగాలు రావడం లేదని చెప్పింది. అతను దూరపు చుట్టం పోయిన కబురు విన్నట్టు తల ఊపాడు. అయితే అదే కంపెనీది కొత్త జూమ్ ఇమ్మన్నాడు. వేరే ఆలోచనే లేదన్నాడు.

షాపు యజమాని, అన్నగారు, హుషారుగా పెట్టె తెచ్చాడు. డాక్టరమ్మ దాన్ని కెమెరాకి బిగించి అతని చేతికిచ్చి, తను చాలనేదాకా కన్ను దగ్గర పెట్టి ఉంచమంది. లెన్స్ కిలోన్నర దాకా ఉంటుంది. నిమిషం తిరక్కుండానే అతని కుడి మోచెయ్యి డొక్కకి ఆనుకుంది. లెన్స్ కొస సన్నగా వణికింది. భుజం నొప్పి ఎన్నాళ్ళనుంచి అని ఆమె అడిగింది. అలాంటిదేం లేదన్నాడు.

ఆమె లేచి అరలోంచి ఇంకో పెట్టె తీసింది. అది థర్డ్ పార్టీ లెన్స్, అంటే కెమెరా కంపెనీది కాక వేరే వాళ్ళు చేసింది. అదే జూమ్, బరువు మాత్రం కిలో లోపే.

"ఇది తీసుకోండి" అంది.

అన్నగారు చెల్లెలి వైపు కొరకొరా చూశాడు. ఫొటోగ్రాఫర్ మొహం ముడుచుకుంది.

"నా వాలకం చూసి చెప్తున్నారా? అది నేను కొనగలను."

"కొనగలరు. మొయ్యలేరు."

అతను లేచాడు. అన్నగారిని అడిగి కంపెనీ లెన్సే వారానికి అద్దెకి తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాక అన్నగారు, బేరం చెడగొట్టడానికే కూర్చున్నావా అని విసుక్కున్నాడు. ఆమె దీపం వెలిగించుకుని మళ్ళీ పనిలో తల దూర్చింది.

శనివారం ఫైనల్స్. లెన్స్‌కి వంక పెట్టడానికి లేదు. వంకంతా మోసేవాడిలోనే ఉంది. మూడో మ్యాచ్‌కి మెడనుంచి మోచేతిదాకా మంట పట్టింది. ఆఖరి పాయింటప్పుడు ఒక్క క్షణం తెరిపిగా ఉంటుందని కెమెరాని మోకాళ్ళ మీదికి దించాడు. మళ్ళీ ఎత్తేలోపు గెలిచిన అమ్మాయి మోకాళ్ళ మీద కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చి, లేచి నిలబడింది కూడా. అతనికి దొరికింది ఆమె కోచ్ వీపు.

నిర్వాహకుడు తిట్టలేదు. పర్లేదండీ, ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారులెండి అన్నాడు. తిట్టినా బాగుండేది.

సోమవారం లెన్స్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఆమె ఎత్తిపొడుస్తుందని సిద్ధపడే వెళ్ళాడు. ఆమె, అతను మెట్లు ఎక్కేటప్పుడు సంచీ ఎడమ చేతికి మార్చుకోవడం అద్దంలోంచి చూసింది. అంతే. తేలికపాటి లెన్స్ బిగించి, బయటికి రమ్మంది.

చూరు కింద నిలబడి అతను వానలో పోయే బస్సుల్ని, గొడుగుల్ని తీశాడు. పక్కనే నిలబడి ఆమె దాని లోపాలన్నీ వరసగా చెప్పుకొచ్చింది. జూమ్ తిప్పడం అలవాటుకి ఎదురు దిక్కులో ఉంటుంది. పూర్తిగా లాగితే బొమ్మ అంచులు కాస్త మసకబడతాయి. కంపెనీ లెన్స్ సెకనుకి ముప్పై ఫొటోలు తీయనిస్తే, దీన్ని కెమెరా పదిహేనుకి మించి తీయనివ్వదు. చెయ్యి వణుకు సర్దే ఏర్పాటు లోపల లేదు, కానీ ఆటలకి షట్టర్ ఎలాగూ వేగంగా పెడతారు కాబట్టి దానికి బాధ లేదు.

"ఇలా చెప్తే ఎవరైనా కొంటారా?" అన్నాడతను.

"దాచిపెట్టి అమ్మితే తర్వాత వచ్చి తిడతారు. తిట్లు తినే ఓపిక నాకు లేదు."

అతనికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. అది చూసి ఆమె గబుక్కున వాన వైపు తిరిగింది. భుజం నొప్పి మూడేళ్ళనుంచి ఉందని అప్పుడు చెప్పాడు. ఇంట్లో కూడా తెలియదన్నాడు.

లెన్స్ కొన్నాడు. రెండు వారాలకి, ఫోకస్ ఆలస్యం అవుతోందని తెచ్చాడు. ఏమీ లేదని ఇచ్చేసింది. ఇంకో పది రోజులకి రింగు బిగుసుకుందన్నాడు. ఏమీ లేదంది. ఆ తర్వాత లోపల దుమ్ము కనబడుతోందని వచ్చాడు. ఆమె లెన్స్ చేత్తో అయినా ముట్టుకోలేదు.

"దీనికి ఏమీ లేదని మీకూ తెలుసు. ఎందుకొస్తున్నారు?"

అతను ఏదో అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"మీ కోసం" అన్నాడు.

ఆమె తలకి కట్టిన దీపం విప్పి బల్ల మీద పెట్టింది. నుదుటి మీద పట్టీ ఎర్రగా అచ్చుపడి ఉంది. అప్పుడు చెప్పింది. రెండేళ్ళలో తొమ్మిది సంబంధాలు వచ్చాయట. ప్రతివాళ్ళూ కూర్చోబెట్టి, ఏం చదివావు, ఎందుకీ మరమ్మతు పని, పెళ్ళయ్యాక మానేస్తావా అని అడగడమే. ఈమె మొదట్నుంచీ చెప్పుకు రావడమే. చివరికి, వచ్చిన దారినే వాళ్ళు పోవడమే.

"ఆరింటికి షాపు మూసేసరికి నేను మనిషిని కాను. ఇంకో కొత్త మనిషికి నా కథంతా చెప్పుకునే ఓపిక లేదండీ. మీరు చెడ్డవారని కాదు."

అతను లెన్స్ తిరిగి సంచీలో పెట్టుకున్నాడు.

"కథంతా వద్దు. సాయంత్రం పూట, ఆ రోజు ఏం బాగుచేశారో చెప్పండి, చాలు. చెప్పాలని లేకపోతే మానెయ్యండి. నేనూ అప్పటికి అలిసిపోయే ఉంటాను."

ఆమె కళ్ళు తుడుచుకోవడానికి, లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డ తీసింది. అది చూసి అన్నగారు కౌంటర్ దగ్గరనుంచి లేచి వచ్చాడు. అద్దాల గదిలోంచి మాటలు బయటికి వినిపిస్తాయని ఇద్దరూ మరిచిపోయారు.

"మా చెల్లెలు ఈ బల్ల వదిలిపెట్టి రాదు. ఆ సంగతి తెలుసా?" అని అతన్ని అడిగాడు.

"వదలమని నేనెందుకంటానండీ. నాలాంటివాళ్ళు ఎక్కడికి పోవాలి?"

అన్నగారు చెల్లెలి మొహంలోకి చూశాడు. తొమ్మిది సార్లు ఆ పెళ్ళిచూపుల్లో తనూ కూర్చున్నాడు. ఆమె దించుకున్న తల చిన్నగా ఊపింది.

"సరే, ఇద్దరూ వెళ్ళి టీ తాగిరండి. షాపు షట్టర్ నేను దించుతాను" అన్నాడు. ఆదివారం భోజనానికి రమ్మని అతనికి వేరేగా చెప్పాడు.

వీధి చివర టీకొట్టులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. టీ వచ్చాక ఆమె, ఆ రోజు ఒక ముసలాయన తెచ్చిన బైనాక్యులర్ గురించి మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళుగా అందులోంచి ఒకటికి రెండు బొమ్మలు కనిపిస్తుంటే, లోకం అంతే కాబోలని ఊరుకున్నాడట ఆయన. లోపల చిన్న అద్దం పక్కకి జరిగి ఉంది, అంతే. చెప్తూ చెప్తూ ఆమె ఆగిపోయింది.

"నీకు విసుగ్గా లేదా?"

నీకు. ఆ మాట ఆమె నోటినుంచి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియలేదు. సర్దుకోవాలనుకుంది. సర్దుకోలేదు.

"లేదు" అన్నాడతను. "చెప్పు. సరిచేశాక ఆయన ఏమన్నాడు?"