గుప్పిట్లో కరిగిన ప్రొటీన్

పక్క ల్యాబు పొడుగాయన మా ఫ్రీజరు దగ్గరికొచ్చి పళ్ళికిలించగానే నాకు ఒళ్ళు మండింది.

"ఆ ఎలుక సైటోకైన్ ఒక్క ట్యూబు దొరుకుతుందా?" అన్నాడు, నా పక్క బెంచీలో పనిచేసే అమ్మాయితో.

"దానికేం, తీసుకోండి," అంది ఆవిడగారు.

దానికేం అట. ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ప్రొటీన్లే సైటోకైన్లు. ఎలుకల్లో ఉండే అలాంటిదాన్ని బాక్టీరియా చేత తయారు చేయించి అమ్ముతారు. వచ్చిన చిటికెడు పొడిని తనే కరిగించి, చిన్న ట్యూబుల్లో కాస్త కాస్త పోసి, గడ్డకట్టించి దాచింది. ఒకసారి కరిగిందంటే ఆ రోజే వాడేయాలి, మళ్ళీ గడ్డకట్టిస్తే సత్తువ పోతుంది. నా థీసిస్ చివరి ప్రయోగం కోసం ఒక్క ట్యూబు ఇమ్మంటే, ఐసులో పెట్టడం వచ్చా, టైముకు వాడతావా అని నా ప్రాణం తోడేసి మరీ ఒకటి కేటాయించింది.

"అడగ్గానే ఇచ్చేశావే?" అన్నాను.

"పాపం, అడిగాడు."

"నేను అడిగితే పోలీసు ఎంక్వైరీ చేశావు."

"నీ చేతుల సంగతి నాకు తెలుసు కాబట్టి."

పొడుగాయన గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "సాయంత్రం ఏడింటికే కదా? అమ్మానాన్నా కూడా వస్తున్నారు."

తను తలూపింది. 

"ఎక్కడికి?" అన్నాను, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"మా ఇంటికి, భోజనానికి. వాళ్ళమ్మా మా అమ్మా ఒకే ఆఫీసు. మా ఇద్దరి పెళ్ళి సంగతి మాట్లాడతారట." పిపెట్ కింద పెట్టి నా వైపు చూసింది. "నువ్వేమంటావ్?"

వద్దనాలి, నువ్వంటే నాకిష్టం అనాలి. రెండేళ్ళుగా నోటి దాకా వచ్చిన మాట అది.

"నేననేదేముంది? మంచిదేగా," అన్నాను.

తను గిరుక్కున తిరిగి కణాలు పెంచే గదిలోకి వెళ్ళిపోయింది.

బయట వాన మొదలైంది. ఇంటికెళ్ళేటప్పుడు గొడుగు కూడా ఆయనగారే పడతాడు కాబోలు అనుకున్నాను. కూర్చోలేకపోయాను. ఫ్రీజరు తెరిచి, నా వాటా ట్యూబు తీసి, గుప్పిట బిగించి నేరుగా ఆ గదిలోకి వెళ్ళాను.

"ఇదిగో, ఇది కూడా ఆయనకే ఇచ్చుకో."

"ఏమైంది నీకు?"

"నాకేం కాలేదు. అతను పనిచేసేది మనుషుల కణాలతో. ఈ ఎలుక ప్రొటీన్‌కి అవి ఉలకవు పలకవు. ఆ మాత్రం తెలీదా నీకు? నవ్వుతూ అడిగితే చాలా?"

"తెలిసే ఇచ్చాను. తన ప్రొటీన్ నిజంగా పనిచేసిందని చూపించాలంటే పక్కన పనిచేయనిది ఒకటుండాలి. అందుకే అడిగాడు," అంది. "నీవి ఎలుక కణాలు, పనిచేసేచోట వాడతావని నీకు ఒకటి ఉంచాను. దానికీ ఏడుపేనా?"

 అయినా తగ్గలేదు నేను. ఆ నవ్వేమిటి, ఆ 'పాపం' ఏమిటి అని ఇంకా ఏదేదో వాగాను. తను మాత్రం నా చేతినే చూస్తోంది.

"గుప్పిట తెరువు."

తెరిచాను. ట్యూబులో గడ్డ లేదు, నీటిబొట్టు అటూ ఇటూ కదులుతోంది. ఐసు డబ్బా తేవడమే మర్చిపోయాను.

"ఇదే ఆఖరిది," అంది మెల్లగా. "మళ్ళీ తెప్పించాలంటే నెలలు పడుతుంది."

"తప్పు నాదే. ఎలాగోలా నేను చూసుకుంటాను. నువ్వు ఇంటికెళ్ళు, వాళ్ళొస్తారు."

"ఇవాళే వాడాలి. కణాలు సిద్ధం చేసేసరికి రాత్రవుతుంది, ఒక్కడివల్ల కాదు." ట్యూబు లాక్కుని ఐసులో గుచ్చింది. "చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, నా ఫోన్లో అమ్మకి కలుపు. స్పీకర్ పెట్టు."

కలిపాను.

"అమ్మా, నేను భోజనానికి రాలేను. ప్రొటీన్ కరిగిపోయింది."

"అదేంటే, ఎవరు కరిగించారు?"

"ఇంకెవరు?"

"రోజూ చెబుతుంటావే, ఆ అబ్బాయా?"

తను బుగ్గలెర్రబడి తల దించుకుంది.  రోజూ చెబుతుందట.

"సరేలే. మరి పెళ్ళి సంగతి వాళ్ళకేం చెప్పమంటావు? ఊఁ అనా, ఊహూఁ అనా?"

తను తలెత్తి నన్నే చూసింది. ఈసారి కూడా మంచిదేగా అంటే నా అంత వెధవ ఉండడు.

"ఆంటీ, నేనే, ప్రొటీన్ కరిగించినవాణ్ణి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "వద్దని చెప్పండి. మీ అమ్మాయంటే నాకు ప్రాణం."

అటువైపు ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"వాళ్ళకి కడుపునిండా పెట్టి, మర్యాదగా చెప్పి పంపిస్తాను," అంది వాళ్ళమ్మ. "పనయ్యాక ఇద్దరూ రండి. మీ వాటా తీసి ఉంచుతాను."

ఫోన్ పెట్టేసి నేనూ గ్లవ్స్ తొడుక్కున్నాను. తను కణాలు కడుగుతూ, నా వైపు చూడకుండానే అంది:

"ఇవాళ కూడా నువ్వు నోరు విప్పకపోయుంటే, ఆ ఊఁ ఏదో నేనే అనేసేదాన్ని."