భోలాగారూ, ఆగండి

గ్యాస్ బుక్ చేయాలి.
అత్తయ్య బీపీ మాత్రలు తేవాలి.
బాత్రూమ్ కుళాయి బాగు చేయించాలి.
ఆకాష్ చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వాలి.
భోలాకి వేరే ఇల్లు చూడాలి. పదిహేను రోజుల్లో.

ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితాన్ని శనివారం పొద్దున సక్కుబాయి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆమె చదువుకున్నది మూడో తరగతి వరకే. మొదటి నాలుగు పనులకు తలూపింది. ఐదో దాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏందే గిది?" అని వంటగదిలోకి కేకేసింది.

కోడలు రసజ్ఞ కుడి మణికట్టుకి కట్టుతో, ఎడమ చేత్తో టీ వడపోస్తోంది. ఆమెది భీమవరం. రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టర్. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం ఆమె ఉద్యోగం.

"అత్తయ్యా, మీకు చెబుదామనే అనుకున్నానండి."

"చెప్పకుంటనే రాసినవ్ కద!"

తన పేరు వినపడగానే సోఫా వెనక నుంచి తల బయటపెట్టే భోలా, రాసిన పేరును మాత్రం పట్టించుకోలేదు. హాయిగా నిద్రపోతున్నాడు. కోకాపేటలో ఈ అపార్టుమెంటు కడుతున్నప్పుడు ఇసుక కుప్ప పక్కన అరచేతిలో పట్టేంత ఉన్న వాణ్ణి సక్కుబాయే కొంగులో చుట్టి తెచ్చింది. ఏ జాతో ఎవరికీ తెలియదు. ఏడాదిన్నరకి ముప్ఫై ఎనిమిది కిలోలయ్యాడు. ఇంట్లో ఉన్నంతసేపు వెన్నముద్ద. గేటు దాటి ఒక బైకు కనపడిందా, ఇక వాడు వాడు కాదు.

ముందురోజు సాయంత్రం జరిగింది అదే. లావణ్య అనే ఆవిడ బైక్ టాక్సీ మీద ఎవరినో దించడానికి గేటు ముందుకొచ్చింది. భోలా ఒక్క ఉరుకు ఉరికాడు. "ఆగురా! వద్దురా!" అని రసజ్ఞ ఎంత అరిచినా ఆగలేదు. తాడు పట్టుకున్న ఆమె మణికట్టు బెణికింది, లావణ్య బండితో సహా పక్కకి ఒరిగింది. అదృష్టం కొద్దీ దెబ్బలేం తగల్లేదు. కానీ ఇది మూడోసారి. అసోసియేషన్ అధ్యక్షుడు రామబ్రహ్మంగారు ఖచ్చితంగా చెప్పేశారు. పదిహేను రోజుల్లో కుక్క దారికి రావాలి, లేకపోతే బయటికి పోవాలి.

"ఈసారి చెయ్యి బెణికింది. రేపు ఎవరి కాలో విరిగితే?" అంది రసజ్ఞ. "శంకరపల్లి దగ్గర తోట ఉన్నవాళ్ళు పెంచుకుంటామన్నారు. వాడు అక్కడ సుఖంగా ఉంటాడండి."

"అట్లయితే నన్ను గూడ ఆ తోటకే పంపు."

ఆకాష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. "అమ్మా, జర నిమ్మళంగ మాట్లాడు."

"నువ్వు ఊకో! మీరిద్దరు తొమ్మిదింటికి పోతరు, రాత్రికొస్తరు. ఈ పద్నాలుగో అంతస్తుల నాతోని మాట్లాడెటోళ్ళు ఎవరు? వాడు ఒక్కడే." సక్కుబాయి వంటగది వైపు చెయ్యి చూపింది. "నీ పెండ్లాం మాట్లాడ్తది, కాదంట లేను. తిన్నారా అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా అత్తయ్యా. బ్యాంకోళ్ళు ఫోన్ చేసినట్టు! నాలుగేండ్లాయె, ఒక్కనాడన్న 'ఏందమ్మా' అని పక్కకొచ్చి కూసున్నదా?"

తోక ఊపుతూ వచ్చిన భోలాని పట్టించుకోకుండా రసజ్ఞ టీ గిన్నె కింద పెట్టేసింది. తనకు తెలిసిన మర్యాద అంతా ఆ పిలుపులోనే పెట్టానని అనుకుందామె. నిజానికి ఆమె మనసులోనూ ఒక ముల్లు ఉంది. అత్తగారు "ఏందే" అన్న ప్రతిసారీ తనని కసిరినట్టే ఉండేది. కన్నీళ్ళు మింగుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా ఇంట్లో మిక్సీ తప్ప ఎవరూ నోరు తెరవలేదు. కానీ మాత్రల వేళ మాత్రల వేళే కదా. రసజ్ఞ నీళ్ళ గ్లాసుతో హాలు గుమ్మం దగ్గర నిలబడి, నేల చూస్తూ అడిగింది.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?"

సక్కుబాయి ముఖం తిప్పుకుంది. భోలా మాత్రం నాలుగు కాళ్ళూ పైకెత్తి పడుకున్నవాడు ఎగిరి లేచాడు. నున్నటి టైల్స్ మీద జారుకుంటూ, దారిలో కుర్చీని గుద్దుకుని, వచ్చి రసజ్ఞ ముందు తోక ఊపుతూ నిలబడ్డాడు.

ఆమె వాడి వంక వింతగా చూసింది. "అన్నం తిన్నారా?" అంది.

తోక వేగం పెరిగింది.

ఒక్కసారి జరిగితే పొరపాటనుకోవచ్చు, ప్రతిసారీ జరిగితే దానికో కారణం ఉంటుందని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది ఆమే. వాణ్ణి సోఫా దగ్గరికి పంపి మళ్ళీ మొదలుపెట్టింది.

"కుర్చీ." కదలలేదు. "పచ్చిమిర్చి." చెవి కూడా ఆడించలేదు. "సాంబారా, పప్పా?" ఎగిరి వచ్చాడు.

"వానితోని ఏం పరాచికాలే?" సక్కుబాయికి కోపంలోనూ నవ్వాగలేదు.

"అత్తయ్యా, మీరు వాడికి గుడ్డు పెట్టేటప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్త? వరండా ఆ కొసకు నిలబడి, రా అంట. ఉరికొస్తడు."

"నిన్న గేటు దగ్గర నేను ఏమని అరిచాను?"

"ఏమన్నవ్? ఆగురా, వద్దురా అని..."

మాట పూర్తికాకముందే ముప్ఫై ఎనిమిది కిలోల భోలా సక్కుబాయి ఒళ్ళో ఉన్నాడు. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంటే... ఇన్ని దినాలు మనమే వానికి ఉరుకు, ఉరుకు అని చెప్పినమా?"

"అవునండి. బైకుని చూసి ముందే బెదిరిపోయి ఉంటాడు. పైనుంచి మనం రా, రా అని అరుస్తుంటే, ఏం చెయ్యాలనుకుంటాడు పాపం!"

సక్కుబాయి పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయితే నువ్వు తిన్నారా అన్న ప్రతిసారి అందుల 'రా' ఉన్నదన్నట్టే. నాలుగేండ్ల సంది పిలుస్తనే ఉన్నవు. కుక్కకు ఇనబడ్డది గని, నాకే ఇనబడలే బిడ్డా."

రసజ్ఞ గ్లాసు కింద పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "మీరు ఏందే అంటే నేనూ కోప్పడుతున్నారనే అనుకున్నాను, అత్తయ్యా."

"పిచ్చిదానా! నాకు కూతురున్నా గట్లనే పిలుస్తుంటి."

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. భోలాతో ఎవరూ 'రా' అనకూడదు. ఆపాలంటే ఏమనాలి? హిందీలో 'రుకో' అందామన్నాడు ఆకాష్. రసజ్ఞ నోటికి మాత్రం అలవాటుగా "ఆగండి" అనే వచ్చింది. అదే ఖాయమైంది.

"నా పెనిమిటినే ఎన్నడు అండి అనలే. కుక్కను అంటనా?" అని సక్కుబాయి ఒక పూటంతా గింజుకుంది. "రా అనకుంటే ప్రేమ ఎట్ల సూపియ్యాలె?"

"గుడ్డుతో చూపించండి అత్తయ్యా."

ఇక కావలసింది బైకు. క్షమాపణ చెబుదామని రసజ్ఞ, ఆ రోజు గేటు దగ్గర తీసుకున్న నంబరుతో లావణ్యకి ఫోన్ చేసి, మాటల్లో ఈ సంగతంతా చెప్పింది.

"నాకు మస్తు భయమైంది అక్కా, అబద్ధమెందుకు. గని పొద్దుగాల ఆరింటికి నాకు రైడ్లు తక్కువుంటయి. వస్త."

అన్నట్టే వచ్చింది. మొదటి రెండు రోజులు ఇంజను ఆపి, బండిని దూరంగా నిలబెట్టింది. భోలా బండిని చూసి, ఇంకా మొరగకముందే, "ఆగండి" అని గుడ్డుముక్క. తర్వాత బండిని నెట్టుకుంటూ నడిచింది. ఐదో రోజు స్టార్ట్ చేసింది. ఆరో రోజు తొందరపడి మరీ దగ్గరికి రానిచ్చారు. భోలా భౌమంటూ లేచాడు. లావణ్య హ్యాండిల్ మీది చేతులు గజగజా వణికాయి. అయినా వెళ్ళిపోలేదు. "ఇంకొంచెం దూరంకెల్లి మల్ల మొదలుపెడదాం, అమ్మా," అంది సక్కుబాయితో.

పదిహేనో రోజు శనివారం. గేటు దగ్గర రామబ్రహ్మంగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. తాడు సక్కుబాయి చేతిలో ఉంది. రామబ్రహ్మంగారు దగ్గరగా చూద్దామని ఒక అడుగు వేశారు. సరిగ్గా అప్పుడే ఎవరో పార్సిల్ అబ్బాయి హారన్ కొడుతూ బైకు మీద దూసుకొచ్చాడు. భోలా మెడ నిక్కింది. తాడు బిగిసింది.

"ఆగండి!" అంది సక్కుబాయి.

రామబ్రహ్మంగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయారు.

"మిమ్మల్ని కాదు సారూ! మా భోలాగారిని!"

భోలా అప్పటికే కూర్చుని, ఆమె కొంగులోని గుడ్డు వంక చూస్తున్నాడు. బైకు భోలా మూతి ముందు నుంచే వెళ్ళిపోయింది. రామబ్రహ్మంగారు కాలు దించి, నవ్వు దాచుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయారు. "ఉండనివ్వండమ్మా. ఇంత మర్యాద మా ఇంట్లో నాకే లేదు," అన్నారు. గేటు దగ్గర చేరిన వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. రసజ్ఞ అత్తగారిని రెండు చేతులా వాటేసుకుంది.

ఆ చప్పట్ల వేళకి లావణ్య అక్కడ లేదు. గచ్చిబౌలికి రైడు తగిలి, అరగంట ముందే వెళ్ళిపోయింది. పాఠకులకు నాదొక విన్నపం. ఎప్పుడైనా మీ గేటు ముందు బండి మీద ఒక ఆడమనిషి ఆగితే, తనని పడేసిన కుక్క కోసమే, చేతులు వణుకుతున్నా, రోజూ తెల్లారి వచ్చి నిలబడ్డ లావణ్యని ఒక్కసారి గుర్తు చేసుకోండి.