పికప్పు తొట్టిలో నాలుగో ఊపిరి

నల్లమల అడవిలోని చిన్న గూడెం నక్కలబండ పెంటలో ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం బయమ్మ తేనెపెరను గుడ్డలో వేసి పిండుతుంటే, తేనెతో పాటు గిన్నెలో టంగుమని ఏదో పడింది. వేలితో తీసి, నాకి, కొంగుతో తుడిచి ఎండకు పట్టి చూసింది. మిరియపు గింజంత బంగారు పూస. నడుమ దారం దూరే బెజ్జంతో సహా.

తేనెటీగలు పూల మీద వాలతాయి, బెల్లం గానుగ మీద వాలతాయి, పెళ్ళి భోజనాల్లో పాయసం మీద కూడా వాలతాయి. కంసాలి కొట్టు మీద వాలే ఈగలు మాత్రం నల్లమల మొత్తం గాలించినా దొరకవు. అందుకే బయమ్మ మొగుడు ఈదన్న ఆ పూసను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఈదన్న మాట్లాడకపోవడం అంతకంటే పెద్ద వింత. నిద్రలో కూడా కుక్కల్ని అదిలించే మనిషి.

ఆ పెరను అతను ఊపిరిబండ కింద ఏరుకొచ్చాడు. ఊపిరిబండ అంటే అడవి నడిబొడ్డున కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా తెగిన కొండ. దాని నడుమ ఒక గుహ. ఆ గుహలోంచి గాలి ఊరికే వీచదు. పడుకున్న మనిషి గుండెలోంచి వచ్చినట్టు ఆగి ఆగి వస్తుంది, ఆగి ఆగి లోపలికి పోతుంది. వెనకటికి ఏదో కోట పడిపోయిన రోజున సైనికులు రాణిగారి నగల మూటలు ఆ గుహలో దాచారనీ, వాటి మీద ఈగలు పెరలు కట్టాయనీ పెంటలో ముసలివాళ్ళు చెబుతారు. వాటికోసం దిగినవాళ్ళూ ఉన్నారు. పైన కాచుకున్నవాళ్ళు చూసి చూసి తాడు లాగితే ఉత్త తాడే వచ్చేదట. తెగిన తాడు కాదు. శుభ్రంగా ముడి విప్పిన తాడు.

"విరిగిపడిన ముక్కలోనే పూస ఉంటే, లోపల ఎంతుంటుందే?" అన్నాడు ఈదన్న ఎట్టకేలకు.

బయమ్మ పూసను లాక్కుని మెడలోని నల్లపూసల దండకు గుచ్చుకుంది. "అది సరే. నువ్వు దిగితే తాడెవరు పడతారు?"

అదీ చిక్కు. కొండతేనె తీసే ఇళ్ళలో పైన తాడు పట్టేవాడు బావమరిదే అయ్యుండాలి. అన్నదమ్ములు పట్టకూడదు, ప్రాణస్నేహితుడైనా పట్టకూడదు. అన్నదమ్ములకు కొట్టం మీద కన్నుండొచ్చు, స్నేహితుడికి ఇంకోదాని మీద కన్నుండొచ్చు. అక్క మెడలో తాడు తెగాలని కోరుకునే తమ్ముడు మాత్రం ఉండడని పెద్దల లెక్క.

ఈదన్నకు బావమరిది లేకపోలేదు. గురవయ్య అని, మద్దిమాను లాంటి మనిషి, చెయ్యి వేస్తే కదిలే బండి ఆగుతుంది. కానీ ఇద్దరికీ మాటల్లేవు. గురవయ్య తల్లి మేకల మందను అమ్మి కూతురికీ అల్లుడికీ పికప్పు బండి కొనిపెడితే, ఈదన్న దాని నొసటి మీద 'మా నాయన దీవెన' అని ఎర్రరంగుతో రాయించాడు. ఆ నాయనగారికి చక్రమంటే కుమ్మరి సారె తప్ప ఇంకోటి తెలియదు. మేకలు మా అమ్మవి, దీవెన మీ నాయనదా అని గురవయ్య ఆ రోజే 'బావా' అనే పిలుపును నోట్లోంచి తీసి పారేశాడు. చెప్పాల్సిందేదైనా ఉంటే అక్కతో చెబుతాడు. ఈదన్నా అంతే. తమాషా ఏమిటంటే బండి ఈదన్నది, తోలడం వచ్చింది గురవయ్యకే. అందుకని మాటల్లేకపోయినా ముగ్గురూ కలిసే బయల్దేరారు. వీళ్ళిద్దర్నే పంపితే దారిలోనే ఒకణ్ణొకడు పాతిపెట్టుకుంటారని బయమ్మ నమ్మకం.

పాత కలప బండ్ల బాటలో పొదలు రాసుకుంటూ, వాగులు దిగి ఎక్కుతూ, పొద్దు వాలే వేళకు పికప్పు ఊపిరిబండ నెత్తిమీదికి చేరింది. పైన చదునైన బండ, దాని అంచు దాటితే ఉత్త గాలి. గురవయ్య బండి వెనకభాగం అంచువైపు ఉండేలా తిప్పి, దూరంగా ఆపి, గేరులో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాడు. బయమ్మ తొట్టి అంచులకు వెదురు బద్దలు వంచి కట్టి, నీలం టార్పాలిన్ కప్పి, అడుగున గడ్డీ దానిమీద బొంతలూ పరిచి గుడారం లేపింది. నేలమీద పడుకుంటే తేళ్ళు, ఎలుగులు. తొట్టిలో అయితే, వెనక తలుపెత్తి గొళ్ళెం పెడితే చాలు, కోటలో పడుకున్నట్టే.

ఈ కొసన ఈదన్న, ఆ కొసన గురవయ్య, నడుమ సరిహద్దు రాయిలా బయమ్మ.

"మీ ఆయన మోకాలు నాకు తగులుతోందని చెప్పక్కా" అన్నాడు గురవయ్య.

"మోకాలు కాదు, మోచెయ్యి అని మీ తమ్ముడికి చెప్పు" అన్నాడు ఈదన్న.

"ఇద్దరి నోళ్ళలోనూ ఈ గడ్డి కుక్కుతానని ఇద్దరికీ చెబుతున్నా" అంది బయమ్మ.

ఎవరో ఒకరు నవ్వాల్సిన చోటే. కానీ అప్పుడే బండి కింద బరువు మోసే కమాన్లు కిర్రుమన్నాయి. తొట్టి వెనకభాగం మెల్లగా కిందికి దిగింది. సరిగ్గా ఒక మనిషి ఎక్కి కూర్చుంటే దిగినంత. గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది. టార్పాలిన్ రవ్వంత కదల్లేదు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ముగ్గురూ బిగబట్టినా గుడారంలో ఊపిరి వినిపిస్తూనే ఉంది. కాళ్ళ దగ్గర, ఆగి ఆగి, తాపీగా.

గురవయ్య టార్చి వేశాడు. ఎవరూ లేరు. కాళ్ళవైపు పరిచిన బొంత మాత్రం ఒకచోట గుంటపడి ఉంది, ఎవరో ముడుచుకుని పడుకున్నట్టు. వాళ్ళు చూస్తుండగానే ఆ గుంట ఇంకాస్త వెడల్పయింది. అవతలిది హాయిగా సర్దుకుంటోందన్నమాట. బయమ్మ మెడలో బంగారు పూస మంచుముక్కలా చల్లబడింది.

"కొండగాలి. పడుకోండి" అన్నాడు ఈదన్న. తను మాత్రం మోకాళ్ళు గడ్డం దాకా లాక్కున్నాడు. ధైర్యం కోసం బయమ్మ వాళ్ళిద్దరి చేతా ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉంది. కాళ్ళ దగ్గర ఉన్నది వింటూనే ఉంది. అడవికోడి కూసినప్పుడు కమాన్లు మళ్ళీ కిర్రుమని, తొట్టి పైకి లేచింది.

తెల్లవారింది. తెల్లవారిందని పొగమంచు తెలుపును బట్టి అనుకోవడమే. ఎండాకాలంలో అంత మంచు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పూస ఒక్కటి చాలు, ఇంటికి పోదాం పదమంది బయమ్మ. ఈదన్న వినలేదు. గుహలో బంగారం పెట్టుకుని బండి తిప్పుకుపోతే పెంటలో పిల్లలు కూడా ఎగతాళి చేస్తారన్నాడు. అడ్డతీగ నారతో పేనిన తేనెతాడును నడుముకు ముడివేసుకున్నాడు. రెండో కొసను ఎవరికివ్వాలి? గురవయ్య తొట్టిలోనే చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. పట్టమని ఒక్కమాట అడిగితే పోయేది. ఆ ఒక్కమాట ఈదన్న గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగింది.

తాడు కొసను పట్టుకెళ్ళి పికప్పు వెనక కొక్కేనికి కట్టేశాడు.

"ఇది మా అత్త మేకలతో పుట్టింది. అంటే అత్త బిడ్డే. నాకు బావమరిది వరసే అవుతుంది" అని బయమ్మతో, తొట్టిలోకి వినపడేలా అని, అంచు దాటి మంచులోకి దిగిపోయాడు.

దిగుతుంటే పైన ఆకాశమూ లేదు, కింద అడవీ లేదు. చేతిలో తాడు, కాలికింద తడిరాయి, అంతే. గుహ నోరు దగ్గరకొచ్చేసరికి చల్లటి ఊపిరి ముఖాన కొట్టింది. లోపలికి కాలు పెట్టాడు. కప్పునుంచి పెరలు వేలాడుతున్నాయి, ఒక్కొక్కటి ఎద్దుబండి చక్రమంత. నల్లగా, ఎండిపోయి. ఒక్క ఈగ లేదు. మరి కింద దొరికిన ముక్కలో తేనె ఎక్కడిదో తెలియదు. టార్చి వెలుగు పడగానే ఆ నల్లటి మైనంలో అక్కడక్కడ పసుపుపచ్చగా మెరిసింది. గాజులు, పూసలు, జడనాగరాలు. లోపలికి పోయేకొద్దీ మెరుపు ఎక్కువ.

మనుషుల్ని ఆ తర్వాత చూశాడు. గోడకు ఆనుకుని, గుహ నోటివైపు ముఖాలు పెట్టి, వరసగా కూర్చుని ఉన్నారు. ఎముకలే. ఎవరి నడుముకూ తాడు లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, పిలుపుకోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. వరస చివర ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. గుహంతా దుమ్మే గానీ, ఆ చోట దుమ్ము లేదు.

ఈదన్న వెనక్కి తగ్గబోయాడు. కానీ బంగారం చేయి చాస్తే అందేటంత దూరంలో ఉంది. చేయి చాచాడు. తాడు బిగుసుకుంది. ఇంకో మూర కావాలి.

"బావా" అని పిలుపు వినిపించింది. గురవయ్య గొంతే. పైనుంచో లోపలినుంచో తెలియలేదు. "తాడు చాలదు బావా. ముడి విప్పి లోపలికి పో. నేను పైన పట్టుకునే ఉన్నాగా."

ఎంత మంచి గొంతు. ఈదన్నకు కళ్ళు చెమర్చాయి. చేతులు వాటంతటవే ముడిమీదికి పోయాయి, సగం విప్పాయి కూడా. 'బావా' అంటున్నాడు పిచ్చివాడు, ఎన్నాళ్ళకు, అని నవ్వుకున్నాడు. ఆ నవ్వు పెదవుల మీదే ఎండిపోయింది.

వాడు 'బావా' అనడమేమిటి?

"గురవా" అన్నాడు మెల్లగా. "బండి మీద ఎవరి పేరుండాలి?"

"ఎవరిదైతేనేం బావా. మనలో మనకు తగువేంటి."

ఈదన్న ముడిమీద నుంచి చేతులు తీసేశాడు. రాత్రంతా కాళ్ళ దగ్గర పడుకుని అది వాళ్ళ వరసలు నేర్చుకుంది, గొంతులు నేర్చుకుంది. తగువు మాత్రం దానికి పట్టుబడలేదు.

ముడి మళ్ళీ బిగించి తాడును గట్టిగా ఊపాడు. లాగమని గుర్తు. బావమరిది చెయ్యి అయితే ఆ ఊపు నరాల్లోకి ఎక్కేది. ఇనప కొక్కేనికేం తెలుస్తుంది? తాడు పైకి లేవలేదు సరికదా, మంచులో ఎవరో దానిమీద ఎక్కి కూర్చున్నట్టు ధనుస్సులా కిందికి వంగింది.

పైన పికప్పు చక్రాల కింది రాళ్ళు గర్రుమన్నాయి. గేరులో ఉన్న బండి, వెనక తొట్టి కిందికి అణిగిపోయి, అంచువైపు జరగడం మొదలుపెట్టింది. బయమ్మ కొక్కెం ముడి పట్టుకుని లాగింది, రాలేదు. గురవయ్య తొట్టిలోంచి దూకి నిలబడ్డాడే గానీ చేతులు కట్టుకునే ఉన్నాడు.

"నన్ను పట్టమన్నాడా మీ ఆయన? బండినే బావమరిది అన్నాడుగా."

బయమ్మ అరవలేదు. తమ్ముడి కళ్ళలోకి చూసి అంది. "అక్కడ వేలాడేది నీ బావ కాదురా. నా మొగుడు."

గురవయ్య చేతులు విడిపోయాయి. బండి దాటి అంచువైపు ఉరికి, తాడును నడుముకు రెండు చుట్లు తిప్పి, బండ పగులులో కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. బయమ్మ కొడవలితో కొక్కెం దగ్గర తాడు కోసింది. కోసిన మరుక్షణం బండి, కాడి దించిన ఎద్దులా, ఉన్నచోటే నిలిచిపోయింది. బరువంతా గురవయ్య నడుము మీదికి వచ్చింది. ఒక మనిషి బరువు కాదది.

గుహలో ఈదన్నకు రెండు గొంతులు వినిపించాయి. రెండూ గురవయ్యవే. ఒకటి చెవి పక్కనే, తేనెలో ముంచినట్టు, విప్పు బావా, విప్పు, అంటోంది. రెండోది ఎక్కడో మంచుకు పైనుంచి, గొంతు చించుకుని దిగింది.

"ఒరేయ్ ఈదిగా, మా అమ్మ మేకలమ్మి కొన్న బండికి మీ నాయన పేరు రాయించుకున్న సిగ్గులేనోడా, పైకొస్తావా, లేక నా అక్క కొంప ముంచి అక్కడే చస్తావా?"

బావను పట్టుకుని ఏ బావమరిదీ అనకూడని మాటలు. అంతకంటే తియ్యటి మాటలు ఈదన్న పుట్టాక వినలేదు. బంగారం వైపు చూడకుండా, ఖాళీ చోటువైపు అసలే చూడకుండా, ముడి రెండు చేతులా పట్టుకుని గుహ నోట్లోంచి గాలిలోకి దూకాడు. తాడు ఊగింది. కాలి మడమను ఏదో చల్లటిది పట్టుకుని, కాసేపు బరువుగా వేలాడి, జారిపోయింది. పైన గురవయ్య తిడుతూనే ఉన్నాడు. తిట్టుకొక మూర చొప్పున ఈదన్న పైకొచ్చాడు. తాతల దాకా తిట్టాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నడుమలోనే ఆగిపోయేవాడు.

అంచుమీదికి రాగానే ఇద్దరూ బోర్లాపడ్డారు. గురవయ్య అరచేతుల తోలు లేచిపోయింది. ఈదన్న ఆ చేతుల్ని చూసి బయమ్మ వైపు తిరిగాడు.

"పెంటకు పోగానే ఆ పేరు చెరిపించి వాళ్ళమ్మ పేరు రాయిస్తానని మీ తమ్ముడికి చెప్పు."

"నాకు చెవులున్నాయని మీ ఆయనకు చెప్పు" అన్నాడు గురవయ్య, గుడ్డపేలిక చుట్టుకుంటూ.

మంచు విడవకముందే బండి కదిలింది. గుడారం విప్పే ఓపిక ఎవరికీ లేదు. గురవయ్య ముందు కూర్చుని తోలుతుంటే, మొగుడూ పెళ్ళాలు వెనక తొట్టిలో బొంతల మీద వాలారు. వాగు దాటాక ఎండ వచ్చింది. టార్పాలిన్‌లోంచి నీలంగా దిగుతున్న ఆ వెలుతురులో ఈదన్నకు కళ్ళు మూతలు పడ్డాయి.

"బావా" అంది కాళ్ళ దగ్గర గురవయ్య గొంతు. "కాస్త జరుగు."

ఈదన్న కళ్ళు తెరిచాడు. బొంత గుంటపడి ఉంది. డ్రైవరు గది వెనక అద్దంలోంచి, స్టీరింగు ముందు కూర్చున్న గురవయ్య వీపు కనిపిస్తోంది. బయమ్మ మెడ తడుముకుంది. పూస మళ్ళీ మంచుముక్కలా ఉంది. ఒక్కక్షణం దాన్ని వేళ్ళమధ్య పట్టుకుని, మొగుడి ముఖం చూసి, నల్లపూసల దండను పుటుక్కున తెంపింది. బంగారు పూసను ఏరి, వెనక తెర ఎత్తి, బాట పక్క పొదల్లోకి విసిరేసింది.

కమాన్లు కిర్రుమన్నాయి. తొట్టి వెనకభాగం మెల్లగా పైకి లేచింది.

ముందునుంచి గురవయ్య కేక వినిపించింది. బండి ఉన్నట్టుండి తేలికైందట, వెనక ఈదన్న ఏం మూట జారవిడిచాడో చూసుకోమని, అతనికొక విశేషణం కూడా తగిలించాడు.

"బయమ్మా" అన్నాడు ఈదన్న. "వాడు నన్ను ఇప్పుడు ఏమన్నాడు?"

"గాడిద అన్నాడు."

"అయితే వాడే" అని, ఈదన్న కాళ్ళు బారజాపుకుని నిద్రపోయాడు.