చివరి సీనులో డైలాగ్ లేదు

"చివరి సీనులో నీ హీరో ఐ లవ్ యూ చెప్పాలి" అంది మార్లా, వచ్చిన మొదటి రోజే.

"ఛస్తే చెప్పడు" అన్నాను.

అమెరికాలోని ఒహాయో నుంచి దిగిన పిల్ల. కెనడాలో, సస్కాచెవాన్ రాష్ట్రంలో ఎనిమిది వందల మంది ఉన్న మా ఊరి మీద నేను రాసిన కామెడీ సీరియల్ని అమెరికా చానెల్ ఒకటి కొంటానంది. కొనేముందు దాన్ని అమెరికా వాళ్ళకి నచ్చేలా దిద్దమని ఈమెను పంపింది. మూడు వారాల గడువు. సరిగ్గా మా ఎదురింట్లోనే అద్దెకు దిగింది.

రోజూ కాఫీ హోటల్లో కూర్చుని కొట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ సీరియళ్ళలో సిటీ నుంచి ఎవరో చిన్న ఊరికొస్తారు. ముందు అందరినీ పిచ్చివాళ్ళనుకుని, చివర్లో అందరినీ వాటేసుకుని ఏడుస్తారు. మా వాటిలో ఎవరూ రారు, ఎవరూ పోరు. రోడ్డు మీది గుంత గురించి అరగంట వాదించుకుంటారు, గుంత అలాగే ఉంటుంది. మీకు మనసులో మాట చెప్పడం చేతకాదంది మార్లా. మీకు చెప్పకుండా ఉండడం చేతకాదన్నాను. పకపకా నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

"మరి ప్రేమిస్తే ఏం చేస్తారు మీ ఊళ్ళో?"

"వాళ్ళు లేచేలోపు వాళ్ళ వాకిట్లో పేరుకున్న మంచు పారతో ఎత్తేస్తాం. ఎవరు ఎత్తారో మాత్రం చెప్పం. చెప్తే చేసింది చెల్లదు."

మార్లా కప్పు కింద పెట్టింది. "నా వాకిలి రోజూ శుభ్రంగా ఉంటోంది. పక్కింటి ఒరెస్ట్ తాత పనే అనుకుని వారం నుంచి మీ ఊరి మిఠాయి, ఆ బటర్ టార్టులు చేసి పంపిస్తున్నాను. అంటే ఆ ముసలాయన నన్ను..."

నా గొంతులో కాఫీ అడ్డం పడింది. రోజూ తెల్లారకముందే లేచి నడుం విరగ్గొట్టుకుంటున్నది నేను. అయినా నోరు విప్పలేదు. ఊరి పద్ధతి ఊరి పద్ధతే.

ఆ సాయంత్రం ఒరెస్ట్ తాతను నిలదీశాను. "మంచు ఎత్తేది నువ్వు కాదని చెప్పొచ్చు కదా తాతా?"

"ఆ పిల్ల అడగలేదు కదరా గార్నెట్" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

శుక్రవారం మార్లా ప్రయాణం. ముందురోజంతా మంచు కురిసింది. పొద్దున్నే పార పట్టుకుని ఆమె వాకిట్లో సగం ఎత్తానో లేదో తలుపు తెరుచుకుంది.

"ఒరెస్ట్ తాత నిన్ననే రెజీనా సిటీలో కూతురింటికి వెళ్ళాడు. బస్సెక్కించింది నేనే. మరి ఈ మంచు ఎత్తుతున్నదెవరు?"

పార చేతిలో పెట్టుకుని, "తెలీదు" అన్నాను.

మార్లా నా చేతిలో పార లాక్కుని, రోడ్డు దాటి, మా వాకిట్లో మంచు ఎత్తడం మొదలెట్టింది. గాలికి ఎదురుగా విసురుతోంది, సగం తన మొహం మీదే పడుతోంది. వీధిలో కర్టెన్లన్నీ కదిలాయి.

"మీ పద్ధతిలోనే చెప్తున్నా" అంది రొప్పుతూ. "అర్థమైందా, ఇంకా ఎత్తనా?"

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. చెల్లకపోతే చెల్లకపోనీ. నడివీధిలో నిలబడి, ఊరంతా వినేలా చెప్పాను. "నువ్వంటే నాకు ప్రాణం మార్లా. వెళ్ళకు."

ఆమె వెళ్ళలేదు. సోమవారం చానెల్‌కి ఉత్తరం రాసింది, పంపేశాకే నాకు చూపించింది.

"చివరి సీనులో డైలాగ్ లేదు. పార ఉంది. కొంటే కొనండి, లేకపోతే మానండి."