కిటికీ కింద వంతు

ఆ జైలు పేరెత్తితే మా కోడూరు వైపు మగాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ఏ ఊళ్ళో ఉందో నేను చెప్పను. బందరుకీ అవనిగడ్డకీ మధ్య ఎక్కడో అనుకోండి. తెల్లదొరల కాలంలో అది ఉప్పు నిలవ చేసే కొట్టు. తర్వాత ఎవరికో బుద్ధి పుట్టి, తలుపుకి ఊచలు బిగించి, జైలన్నారు. ఉప్పు పోయినా గోడల చెమ్మ పోలేదు. ఎండాకాలంలో కూడా చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేదట.

ఆ గదికి ఒకటే కిటికీ. దాని కింద ఒక మనిషి పడుకునేంత చోటు... ఆ చోటుకే చెడ్డపేరు.

ఈ సంగతి నాకు చెప్పింది మా కాంతారావు మావయ్య. యాభైల చివర్లో లంక బంజరు దున్నారని ఆయన్నీ, ఇంకో పాతికమందినీ లారీలో తెచ్చి అందులో పడేశారు. గది పదిహేనుమందికి సరిపోతుంది. వీళ్ళు వెళ్ళేసరికే నిండిపోయి ఉంది. అందరూ ఒకేసారి నడుం వాల్చడం కుదరదు కాబట్టి ఖైదీలు ముందునుంచే వంతులు పెట్టుకున్నారు. సగంమంది పడుకుంటే సగంమంది గోడకి ఆనుకుని నిలబడాలి. బయట సెంట్రీ అర్ధరాత్రి గంట కొట్టగానే, నిలబడ్డవాడు తన జతగాడి పాదం తట్టి "లే, నా వంతు" అనాలి. వాడు లేచి చోటివ్వాలి. సర్కారుకి లేని పద్ధతి ఖైదీలకి ఉందని మావయ్య వెటకారంగా అనేవాడు.

అంత ఇరుకులోనూ కిటికీ కింద చోటు మాత్రం ఖాళీ.

ఎందుకని అడిగితే సత్తిబాబు చెప్పాడు. సత్తిబాబు గుడివాడ మనిషి. సైకిలు దొంగతనం కేసులో జామీను ఇచ్చే దిక్కులేక ఏడాదిగా అక్కడే మగ్గుతున్నాడు. పోయిన వేసవిలో పెడన నేతగాడు భావనారాయణ ఆ చోట పడుకుని నిద్రలోనే పోయాడట. గంట కొట్టాక తట్టి లేపితే లేవలేదట. అప్పట్నుంచి అక్కడ ఎవరు పడుకున్నా, గంట మోగిన కాసేపటికి చల్లటి చెయ్యి ఒకటి పాదం మీద పడుతుంది... గుసగుసగా మాట వినిపిస్తుంది —

"లే... నా వంతు."

చచ్చినవాడు తన చోటు తనకిమ్మంటున్నాడని అందరూ అనుకున్నారు. కళ్ళు తెరిచి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇది చెబుతున్నంతసేపూ సత్తిబాబు ఆ కిటికీ వైపు తలైనా తిప్పలేదట.

మావయ్యకి భయం కంటే ముందు ఒళ్ళు మండింది. ఆయనతోపాటు పట్టుబడ్డ చంద్రమౌళికి ఉబ్బసం. గాలాడక డొక్కలు ఎగరేస్తున్నాడు, పెదాలు నల్లబడుతున్నాయి. ఇలాగే ఉంటే మనిషి దక్కడు. జైలు వెనక పెద్ద షెడ్డు ఉంది. అందులో విరిగిన బల్లలు పడేసి తాళం వేశారు. అది తెరవమని అడిగితే, పైనుంచి ఆర్డరు లేదన్నాడు జైలరు.

"బతికున్నోడికి ఊపిరాడ్డం లేదు. చచ్చినోడికి కిటికీ దేనికి?" అని, మావయ్య చంద్రమౌళిని తీసుకెళ్ళి ఆ చోటే పడుకోబెట్టాడు. కాళ్ళ దగ్గర తను కూర్చున్నాడు. మిగతావాళ్ళు అటు వీపు తిప్పేశారు.

అర్ధరాత్రి గంట మోగింది. వంతులు మారాయి. గది మళ్ళీ సద్దుమణిగింది. వరండాలో లాంతరు కూడా సెంట్రీతోపాటు అవతలికి వెళ్ళిపోయింది.

చీకట్లో ఏదో కదిలింది...

మనుషుల్ని ఒరుసుకుంటూ, ఎవర్నీ తొక్కకుండా... మెల్లగా... ఇటే వస్తోంది. చంద్రమౌళి పాదం మీద ఒక చెయ్యి పడింది.

"లే... నా వంతు..."

మావయ్య ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. చల్లగానే ఉంది — అచ్చం ఆ గోడలాగే. కానీ మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోంది.

బీడీ కోసం దాచుకున్న అగ్గిపుల్ల గీసి చూశాడు. సత్తిబాబు! కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం నిద్రలో ఉన్నాడు. భావనారాయణకి వంతుల్లో జతగాడు ఇతనేనని మావయ్య పగలే విని ఉన్నాడు. ఆనాడు లేవని మనిషిని, రోజూ నిద్రలో వచ్చి లేపుతూనే ఉన్నాడు పాపం. తెల్లారితే ఏమీ గుర్తుండదు. దెయ్యానికి అందరికంటే ఎక్కువ భయపడేది కూడా అతనే.

ఆ చెయ్యి పట్టుకుని మావయ్య చాలాసేపు ఏడ్చాడట. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్కర్నీ లేపి సంగతి చెప్పాడు.

మర్నాడు రాత్రి ఎవరూ పడుకోలేదు. సగంమంది కాదు, అందరూ నిలబడ్డారు. చంద్రమౌళిని కిటికీ కింద పడుకోమంటే వినలేదు, ఇద్దరి భుజాల మీద ఆనుకుని తనూ నిలబడ్డాడు. షెడ్డు తెరిచేదాకా నిద్రపోయేది లేదన్నారు. జైలరు లాఠీలతో దిగాడు. దెయ్యం గానీ పట్టిందా మీకు అని అరిచాడు.

"పట్టిందండీ," అన్నాడు మావయ్య. "చచ్చినోడిది కాదు. బతికున్నోణ్ణే దెయ్యాన్ని చేశారు మీరు. లోపలికొచ్చి గంట కొట్టేదాకా మాతో నిలబడండి, చూపిస్తాం."

జైలరు లోపలికి రాలేదు. లాఠీలే వచ్చాయి. పడ్డవాడు పడ్డచోటే లేచి మళ్ళీ నిలబడ్డాడు. మూడో రాత్రికి సెంట్రీలే బెదిరిపోయారు — చీకట్లో అంతమంది కళ్ళు తెరుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటే ఎవరికి మాత్రం గుండె జారదు? తెల్లారేసరికి ఏ ఆర్డరూ రాకుండానే షెడ్డు తాళం ఊడింది.

ఆ రాత్రి అందరూ షెడ్డులో కాళ్ళు బారచాపుకుని పడుకున్నారు. చంద్రమౌళి హాయిగా ఊపిరి తీసుకున్నాడు. సత్తిబాబు లేచి తిరక్కుండా, అతని చేతిని తువ్వాలుతో చంద్రమౌళి చేతికి కట్టి, ఇద్దర్నీ ఆ చివర పడుకోబెట్టారు. మావయ్య ఈ చివర, తలుపు దగ్గర ఒరిగాడు.

అర్ధరాత్రి గంట మోగింది. ఆయన మగతలో ఉన్నాడు. పాదం మీద చల్లగా... చెయ్యి.

"లే... నా వంతు."

సత్తిబాబు కట్టు విప్పుకుని వచ్చాడనుకుని, మావయ్య కళ్ళు తెరవకుండానే పక్కకి జరిగాడు. "ఇక్కడ వంతుల్లేవు నాయనా. బోలెడు చోటుంది. పడుకో."

ఎవరో పక్కన ఒరిగారు. పొడుగ్గా ఒక నిట్టూర్పు... అంతే.

తెల్లారి చూస్తే సత్తిబాబు ఆ చివరే ఉన్నాడు. కట్టిన తువ్వాలు కట్టినట్టే ఉంది. మావయ్య పక్కన ఎవరూ లేరు. పొడి నేల మీద మాత్రం, మనిషి పొడుగునా చెమ్మ.

భయం వెయ్యలేదా మావయ్యా అని అడిగాను. ఆయన నాకేసి వింతగా చూశాడు.

"భయమెందుకురా? ఆ చోటు అతనికీ రావాల్సిందేగా."